"పని చెయ్యట్లేదన్నా, కోడ్ పంపు"

మొన్న ఆదివారం రాత్రి పదకొండింటికి ఫోను. మా పాకాల పిల్లోడే, బీటెక్ ఆఖరు సంవత్సరం. "అన్నా, ఫైల్ అప్‌లోడ్ పని చెయ్యట్లేదు. రేపు ప్రాజెక్టు చూపించాల. నీ దగ్గర కోడ్ ఉంటే పంపన్నా." అంతే. ఏం పెట్టాడు, ఏం వచ్చింది.. ఒక్క ముక్క లేదు.

పాకాల జంక్షన్లో నిలబడి "రైలెప్పుడు?" అని అడిగి చూడండి. టీ అమ్మే ఆయన కూడా "యాడికి పోవాలబ్బా?" అని ఎదురు అడుగుతాడు. తిరుపతి వైపా, కాట్పాడి వైపా, ధర్మవరం లైనా తెలీకుండా ఎవరు మాత్రం ఏం చెప్తారు? రైలు గురించి ఇంత వివరంగా అడిగే మనం, ప్రోగ్రాము దగ్గరకొచ్చేసరికి "పని చెయ్యట్లేదు" అని చేతులు దులిపేసుకుంటాం.

అప్‌లోడ్ ఒక్క రకంగా చెడదండీ. ఫారంలో మల్టీపార్ట్ అని రాయడం మర్చిపోతే ఫైలు పేరు మాత్రమే పోతుంది, ఫైలు పోదు. పీహెచ్‌పీలో మనం ఏమీ మార్చకపోతే ఒక్కో ఫైలుకి హద్దు 2 ఎంబీ, మొత్తం ఫారానికి 8 ఎంబీ. మొదటిది దాటితే ఎర్రర్ నంబరు 1 వస్తుంది. రెండోది దాటితే ఇంకా ఘోరం: పంపిన పేరు, ఊరు కూడా మాయమై ఫారం మొత్తం ఖాళీగా కనిపిస్తుంది. అసలు ఫైలే ఎంచుకోకపోతే నంబరు 4. ఫోల్డర్లో రాసే అనుమతి లేకపోతే అది వేరే కథ. ఇన్ని జబ్బులకీ "పని చెయ్యట్లేదు" అనే ఒక్క మాట చెప్తే మందెలా ఇస్తాం?

అయితే నా కోపం అడిగేవాళ్ళ మీద మాత్రమే కాదు. చెప్పేవాళ్ళలో రెండు రకాలున్నారు. "గూగుల్ చూసుకో పో" అనే గొప్పవాళ్ళు ఒక రకం. తాము కూడా ఒకప్పుడు ఇలాగే తడబడ్డామని వాళ్ళకి గుర్తుండదు. ఎలా అడగాలో నేర్పకుండా తరిమేస్తారు. రెండో రకం, అడగ్గానే కోడ్ పంపేసే మంచివాళ్ళు. నన్నడిగితే వీళ్ళే ఎక్కువ ప్రమాదం. ఎందుకంటే నేనూ వాళ్ళలో ఒకణ్ణి కాబట్టి.

నాలుగేళ్ళ క్రితం ఇలాగే ఒక మిత్రుడికి పన్నెండు లైన్ల స్క్రిప్ట్ పంపా. బ్రౌజర్ "ఇది ఫోటో" అంటే నమ్మి, వచ్చిన పేరుతోనే వెబ్‌సైట్ ఫోల్డర్లో పడేసే స్క్రిప్ట్ అది. తను దాన్ని ఒక చిన్న కాలేజీ అడ్మిషన్ల సైటులో పెట్టాడు. ఎవడో ఫోటో అని చెప్పి పీహెచ్‌పీ ఫైలు ఎక్కించాడు. సర్వర్ దాన్ని శుభ్రంగా నడిపింది. అదే ఫోల్డర్లో పిల్లల మార్కుల జాబితాలు, ఆధార్ కాపీలు ఉన్నాయి. అవి ఎవరి చేతుల్లో పడ్డాయో ఇప్పటికీ తెలీదు. ఆ స్క్రిప్ట్ "పని చేసింది". తప్పు అక్కడే ఉంది.

చిన్న కాలేజీ కదా అనకండి. 2017లో అమెరికాలో ఈక్విఫాక్స్ నుంచి సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. దొంగలు దూరిన సందు అపాచీ స్ట్రట్స్‌లో అప్‌లోడ్లు చదివే భాగంలోనే ఉంది. దానికి మందు ఆ ఏడాది మార్చిలోనే వచ్చింది, వీళ్ళు వేసుకోలేదు.

ఇప్పుడు మనుషుల్ని అడగక్కర్లేదు, చాట్‌జీపీటీ ఉంది కదా అంటారు. ఉంది. దాన్నీ "పని చెయ్యట్లేదు, కోడ్ ఇవ్వు" అనే అడిగితే అది కూడా ఏదో ఊహించి ఒకటి ఇస్తుంది. అది మీ సర్వర్లో ఏం చేస్తుందో చదివి చూసుకోవాల్సింది మీరే.

కాబట్టి తమ్ముళ్ళూ, అడగండి. సిగ్గుపడకండి. కానీ ఏం చేశారు, ఏం జరగాలనుకున్నారు, ఏం జరిగింది, ఎర్రర్ ఏంటి.. ఈ నాలుగూ చెప్పండి. సగం సార్లు ఈ నాలుగూ రాస్తుండగానే జవాబు దొరికిపోతుంది. అన్నలూ, మీరు చెప్పేటప్పుడు సగం చెప్పకండి. వచ్చిన పేరు వాడొద్దనీ, ఫైలు లోపల ఏముందో చూడమనీ, దాన్ని వెబ్‌సైట్ ఫోల్డర్ బయట పెట్టమనీ కూడా చెప్పండి. టైము లేకపోతే లేదనండి. అరకొర కోడ్ ఇవ్వడం కన్నా అదే నయం.

మా పిల్లోడికి కోడ్ పంపలేదు. "ఎర్రర్ నంబరెంత?" అన్నా. అరగంట సణిగి చూశాడు. 1. ఫోటో 3 ఎంబీ పైన ఉంది. హద్దు వాడే పెంచుకున్నాడు. "మిగతావి రేపు చూసుకుంటాలే అన్నా" అన్నాడు. లేదురా, ఇప్పుడే అన్నా. రాత్రి ఒంటిగంట దాకా ఇద్దరం కూర్చున్నాం. వాడు నన్ను తిట్టుకునే ఉంటాడు. పర్లేదు. వాడి సైటులో ఎవరి ఆధార్ కాపీ ఉంటుందో ఏమో.