రహదారి నియమం - విదేశయానం

సికింద్రాబాదు రైల్వేస్టేషనుకు చేరువలో ఉన్న పాతపేటలలో చిలకలగూడ ఒకటి. రైల్వే ఉద్యోగులు, చిరువ్యాపారులు, మధ్యతరగతి కుటుంబాలవారు నివసించే ఈ ప్రాంతంలో విదేశాలకు పోగోరే యువకులకు నేడు కొదవ లేదు. బిడ్డ చదువు కోసం తండ్రి భవిష్యనిధి సొమ్ము తీస్తాడు. తల్లి నగలు కుదువ పెడుతుంది. ఇంత కష్టపడి కూర్చుకొన్న అవకాశం, ఒక్క రాత్రి మద్యం సేవించి బండి నడిపినందువలన చేజారిపోవచ్చునని తలచేవారు మాత్రం అరుదు.

రహదారి తప్పులన్నీ ఒక్క తరగతికి చెందినవి కావు. హెల్మెట్ ధరించనందుకు వచ్చే ఈ-చలానా వేరు. న్యాయస్థానం ముందు నిలబెట్టే నేరం వేరు. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉండగా వాహనం నడపడం, 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షను ప్రకారం నేరం. 2019లో చేసిన సవరణ మేరకు మొదటి తప్పుకు ఆరు నెలల వరకు జైలుగాని, పదివేల రూపాయల జరిమానాగాని, రెండూ గాని విధించవచ్చు. హైదరాబాదులో ఇలా పట్టుబడినవారిని గోషామహల్, బేగంపేట ట్రాఫిక్ శిక్షణ సంస్థలకు కుటుంబసభ్యులతో సహా రప్పించి హితవు చెప్పడం, ఆపై కోర్టుకు పంపడం పరిపాటి అయింది. జరిమానా కట్టగానే కథ ముగిసిందని చాలామంది భావిస్తారు. కాని కోర్టు తీర్పు కాగితమై నిలుస్తుంది. ఆ కాగితానికి సరిహద్దులు లేవు.

అమెరికా వీసా దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది: ఎప్పుడైనా అరెస్టయ్యారా, ఏ నేరానికైనా శిక్ష పడిందా, తరువాత క్షమాభిక్ష లభించినా సరే చెప్పండి అని దాని భావం. మద్యానికి సంబంధించిన అరెస్టు గడచిన ఐదేండ్లలో ఒకటి ఉన్నా, పదేండ్లలో రెండు ఉన్నా దరఖాస్తుదారును ప్రత్యేక వైద్యపరీక్షకు పంపుతారు. వీసా చేతికి వచ్చిన తరువాత కూడా నిశ్చింత లేదు. మద్యం మత్తులో బండి నడిపి అరెస్టయినవారి వీసాను రద్దు చేయవచ్చునని 2015 నవంబరులో అక్కడి విదేశాంగశాఖ తన అధికారులకు సూచించింది. నేరం రుజువు కానక్కరలేదు, అరెస్టు చాలు. ఆ దేశ పౌరసత్వం కోరేవారికి నిర్ణీత కాలంలో ఇట్టి శిక్షలు రెండు పడితే, సచ్ఛీలత లేదనే భావనతోనే పరిశీలన మొదలవుతుందని 2019లో అటార్నీ జనరల్ నిర్ణయించారు. కెనడా 2018 డిసెంబరు 18 నుండి ఈ నేరానికి గరిష్ఠశిక్షను ఐదేండ్ల నుండి పదేండ్లకు పెంచింది. దానితో వలసచట్టం దృష్టిలో అది తీవ్రనేరాల వరుసలో చేరింది. బయటి దేశంలో చేసిన తప్పయినా, కెనడా చట్టానికి సరిపోలితే అదే కొలత వర్తిస్తుంది.

ఇంతకంటె పెద్ద ప్రమాదం దాచడంలో ఉంది. చిన్న కేసు ఎవరికి తెలుస్తుందిలే అని "లేదు" అని రాసే సలహాదారులు ఊరూరా ఉన్నారు. నిజానికి ఒక్క కేసు వలన మాత్రమే అమెరికా తలుపు శాశ్వతంగా మూసుకుపోదు. కాని ముఖ్యమైన సంగతి దాచి వీసా కోరితే, ఆ అబద్ధమే జీవితాంతం ప్రవేశానికి అడ్డు నిలువగలదు.

మహాభారత శాంతిపర్వంలో శంఖలిఖితుల కథ ఉంది. అన్న శంఖుని ఆశ్రమంలో అడుగకుండా పండ్లు తిన్నాడు లిఖితుడు. అది దొంగతనమని అన్న చెప్పగానే తానే సుద్యుమ్న మహారాజు వద్దకు పోయి తప్పు ఒప్పుకొన్నాడు. రాజు క్షమించబోయినా శిక్షనే కోరాడు. తప్పు చిన్నదా పెద్దదా అన్నది రాజు చూసుకొన్నాడు. దాచకపోవడం లిఖితుని ధర్మమైంది.

ఆ కథలో రాజు ధర్మమూ ఉంది. చిన్న తప్పుకు పెద్ద దండన వేయడానికి అతడు తొందరపడలేదు. 2025 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం వేలాది విదేశీ విద్యార్థుల నమోదును రద్దు చేసింది. వారిలో రహదారిపై చిన్న తప్పులు తప్ప వేరే దోషం లేనివారు, కేసు కొట్టివేయబడినవారు కూడా ఉన్నారు. విద్యార్థులు న్యాయస్థానాలను ఆశ్రయించగా, ఆ నెలాఖరుకు నమోదును పునరుద్ధరించవలసి వచ్చింది. వేగంగా పోయినవాడిని, మత్తులో పోయినవాడిని, నిర్దోషిగా తేలినవాడిని ఒకే గాట కట్టడం న్యాయం కాదు. పరదేశి అయినంతమాత్రాన మనిషి న్యాయవిచారణకు అనర్హుడు కాడు.

అయితే ఆ అన్యాయాన్ని చూపి ఇక్కడి తప్పును తేలిక చేయరాదు. వీసా పోతుందంటే ఉలిక్కిపడే ఇల్లు, ప్రాణం పోతుందంటే ఉలిక్కిపడకపోవడం విచారకరం. ఇంటర్మీడియట్ చదివే పిల్లవాడికి తండ్రి మురిపెంగా బండి తాళం చేతికిస్తాడు. మైనరు వాహనం నడిపి నేరం చేస్తే సంరక్షకునికి మూడేండ్ల వరకు జైలు, ఇరవై ఐదు వేల రూపాయల జరిమానా ఉంటాయని, ఆ పిల్లవాడికి ఇరవై ఐదేండ్లు నిండేవరకు లైసెన్సు రాదని 2019 నాటి సవరణ చెబుతున్నది. ఆ మురిపెం ఎంత ఖరీదైనదో దీనివలన తెలుస్తుంది.

చిలకలగూడ వీధిలో రోడ్డు దాటే వృద్ధునికి దారి ఇవ్వనివాడు, పరాయి నగరంలో హఠాత్తుగా మర్యాదస్తుడు కాలేడు. వీసా కోసం నియమం పాటించేవాడు వీసా వచ్చిన మరునాడు మరచిపోతాడు. ఎదుటివాని ప్రాణం తన ప్రాణం వంటిదని ఎరిగి నడిపేవాడికి ఏ దరఖాస్తులోని ఏ ప్రశ్నకైనా "లేదు" అని నిర్భయంగా, నిజంగా రాయగల భాగ్యం ఉంటుంది.