పేరు మనది, చూపు ఎవరిది?

శ్రీకాకుళంలో నేను ఇల్లు కొన్నది నా జీతం డబ్బుతో, నా పేరు మీద. కొనేముందు అందరూ చెప్పినవన్నీ చేశాను. వకీలుగారు ముప్పై ఏళ్ళ ఈసీ చూశారు. అన్నయ్య తెచ్చిన వాస్తు పండితుడు ఈశాన్యం కొలిచాడు. బ్యాంకు తరఫున ఒకాయన వచ్చి విలువ కట్టి వెళ్ళాడు. మేస్త్రి ఒకతను గోడని పిడికిలితో కొట్టి "గట్టి ఇల్లేనమ్మా" అన్నాడు. ఆ మేస్త్రిని తీసుకొచ్చింది బ్రోకరేనన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

రెండో వానాకాలానికి వంటింటి కప్పు పెచ్చులూడి, తుప్పు పట్టిన చువ్వలు బయటపడ్డాయి. మరమ్మతుకి వచ్చిన కూలీల్లో ఒకామె తట్ట దించి, రాలిన పెచ్చుని చేత్తో నలిపి చూసింది. "సువ్వ మీద అరంగుళం కాంక్రీటు కూడా నేదమ్మా. కొనీముందు నన్ను పిలిస్తే నాను సెప్పీదాన్ని కదా" అంది.

స్త్రీల ఆస్తిహక్కుల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన దాన్ని నేను. ఆమెకి జవాబు చెప్పలేకపోయాను.

మనం పోరాడింది కాగితం మీద పేరు కోసం. 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన మన రాష్ట్ర వారసత్వ సవరణ, 2005 నాటి కేంద్ర సవరణ, 2020 డిసెంబరులో మొదలైన ఆడవాళ్ళ పేరిట ఇళ్ళ పట్టాల పంపిణీ, ఇవన్నీ ఆ దారిలో మైలురాళ్ళే. కానీ పేరు వచ్చాక కూడా ఇంటిని చూసి "బాగుంది" అని తేల్చేది మగవాళ్ళే. మనం సంతకం పెడతాం, అప్పు తీరుస్తాం, కురిసే కప్పు కింద వండుతాం.

కట్టడం మంచిచెడ్డలు ఎవరూ సరిగా చూడకపోతే ఏమవుతుందో ఈ రెండు జిల్లాలకీ బాగా తెలుసు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాకంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్ళలో ఎంతోమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వలస కూలీలు. ఆడవాళ్ళూ ఉన్నారు. పక్కనే ఉన్న జంట భవనం కూడా పనికిరాదని 2016 నవంబరులో పేల్చి కూల్చేశారు. ఆ ఫ్లాట్లు కొనుక్కున్న కుటుంబాలు అందులో కాపురం పెట్టకముందే మన వాళ్ళ ప్రాణాలు పోయాయి. కట్టేవాళ్ళ భద్రత, కొనేవాళ్ళ భద్రత వేరువేరు కావని దీన్నిబట్టి తెలియటం లేదా?

చట్టం ఏమంటోంది? 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షను ప్రకారం, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం తనకు తెలిసి ఉంటే అమ్మేవాడు దాన్ని చెప్పి తీరాలి. అంటే ఆ "మామూలు జాగ్రత్త" బరువు మన మీదే పడింది. 2016 నాటి రెరా చట్టం కింద ఇల్లు స్వాధీనం చేసిన అయిదేళ్ళలోపు బయటపడిన కట్టడం లోపాన్ని బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి. అయితే ఎనిమిది ఫ్లాట్లు మించని అపార్టుమెంట్లకు ఆ చట్టం కింద రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. మన చిన్న ఊళ్ళలో ఎక్కువగా కట్టేది అలాంటివే. ఒకరు వాడి తిరిగి అమ్మే పాత ఇళ్ళకు ఆ రక్షణా లేదు.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇళ్ళ తనిఖీకే లైసెన్సు పొందిన వాళ్ళుంటారు. మన దేశంలో విడిగా అలాంటి వృత్తి లేదు కనుక మనమే ఎంచుకోవాలి. సివిల్ ఇంజనీరింగ్ చదివి, కట్టడాల బలం లెక్కగట్టటంలో అనుభవం ఉన్న మనిషి కావాలి. అమ్మేవాళ్ళతోగానీ, బ్రోకరుతోగానీ, రేపు మరమ్మతు చేసే కాంట్రాక్టరుతోగానీ ఆ మనిషికి సంబంధం ఉండకూడదు. బ్యాంకు పంపే మనిషి చూసేది బ్యాంకు అప్పు క్షేమం, మన క్షేమం కాదు. అడ్వాన్సు ఇవ్వకముందే చూపించాలి. చూసేటప్పుడు మనం పక్కనే ఉండి అడగాలి. పునాది, స్తంభాలు, స్లాబు, చెమ్మ, చువ్వల తుప్పు, కరెంటు వైరింగు అన్నిటి మీదా సంతకంతో రాతపూర్వక నివేదిక తీసుకోవాలి. ఉప్పుగాలి చువ్వల్ని తినేసే తీరం మనది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు చూసిన వాళ్ళం మనం.

ఇంత ఖర్చు పేద స్త్రీ ఎక్కడ భరిస్తుందని అడగవచ్చు. ఒక్కతే భరించలేదు. వకీలుని పెట్టుకున్నట్టే, మన సంఘాలు జిల్లాకి ఒక ఇంజనీరునైనా ఎందుకు పెట్టుకోకూడదు? ఇన్ని ఇంజనీరింగు కాలేజీల్లో చదువుతున్న మన ఆడపిల్లల్ని ఈ పనికి ఎందుకు పిలవకూడదు? జీవితమంతా కాంక్రీటు మోసినా మేస్త్రిగా ఎదగనివ్వని కూలి ఆడవాళ్ళ తెలివిని ఎందుకు వాడుకోకూడదు?

మా చెల్లెలు విజయనగరంలో ఇల్లు చూస్తోంది. పోయిన నెల ఇంజనీరుని తీసుకెళ్ళాం. ఒక రోజు కూలి ఇచ్చి, మా వంటింటి కప్పు చూసిన ఆమెనీ తీసుకెళ్ళాం. ఇద్దరూ చూసి ఒకే మాట చెప్పారు. ఆ ఇల్లు కొనలేదు.