కంకర రేటెంత అన్నా?

"రేటు నా నోట్లె ఉండాలె తమ్మీ. నీ ఫోన్ల ఉంటే ఇగ నేనెందుకు?"

నేను వెళ్లిన మొదటి క్రషర్ ఓనర్ అన్న మాట ఇది. మే నెల, మిట్టమధ్యాహ్నం. ప్లాస్టిక్ కుర్చీ మీద లాప్‌టాప్ పెట్టి డెమో ఇస్తున్నా. స్క్రీన్ మీద దుమ్ము ఎంత పడిందంటే, నేను వేలితో తుడుస్తుంటే టచ్ స్క్రీన్ అనుకుని ఆయన కూడా ఒకసారి వేలు పెట్టి చూశాడు. చాయ్ తాగించాడు. కొనలేదు.

మాది మేడిపల్లి. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో కోడ్ రాస్తున్నా. కంకర, రోబో సాండ్, రెడీమిక్స్ అమ్మేవాళ్ల కోసం మా సాఫ్ట్‌వేర్. కస్టమర్ ఫోన్ చేసి "20 ఎంఎం ఎంత?" అనగానే రేటు లెక్కకట్టి, కొటేషన్ పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపుతుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు అమ్మడానికి మనిషి కావాల్సి వచ్చింది. "నీది అటే కదా, భాష కూడా కలుస్తుంది" అని నన్ను పంపారు. కోడ్ రాసేవాడిని సేల్స్‌కి పంపితే ఏమవుతుంది? పదకొండు చోట్ల తిరిగాను, పదకొండు చాయ్‌లు తాగాను.

తప్పు నాదే. కంకర రేటంటే టేబుల్‌లో ఒక నంబర్ అనుకున్నా. షాంపూ ప్యాకెట్‌కి ఎంఆర్‌పీ ఉన్నట్టు.

కాంటా దగ్గర రెండు రోజులు కూర్చుంటే తెలిసింది. ఒకాయన టన్ను లెక్క అడుగుతాడు. ఇంకొకాయన యూనిట్ లెక్క, అంటే 100 ఘనపుటడుగులు. ఊరి నుంచి వచ్చినాయన ట్రాక్టర్ ట్రిప్పు ఎంత అంటాడు. యూనిట్ అంటే సుమారు నాలుగు టన్నులపైన పడుతుంది, కానీ రాయిని బట్టి, తడిని బట్టి అది మారుతుంది. ట్రిప్పు అంటే ఎంత అనేది ట్రాక్టర్ డబ్బా మీద, నింపేవాడి చేతి మీద ఆధారపడి ఉంటుంది. ఆ తర్వాత లారీ కిరాయి. రాయి బరువెక్కువ, ధర తక్కువ. అందుకే కొంత దూరం దాటితే కంకర కన్నా కిరాయే ఎక్కువైపోతుంది. రెడీమిక్స్‌ది ఇంకో తిప్పలు. లోడ్ చేసిన రెండు గంటల్లో కాంక్రీట్ దించేయాలని ఐఎస్ 4926 చెబుతుంది. అంటే ప్లాంటు ఎంత దూరం అమ్మగలదో రేటు కన్నా ముందు గడియారమే తేలుస్తుంది.

వీటన్నిటి మీద సీనరేజీ, జీఎస్టీ, డీజిల్. వీటన్నిటి కన్నా పెద్దది ఉద్దెర.

ఇది మన దగ్గరి గోల మాత్రమే అనుకోకండి. అమెరికాలో కంకర అమ్మే కంపెనీల్లో అన్నిటికన్నా పెద్దది వల్కన్ మెటీరియల్స్. దాని హెడ్డాఫీసు అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో. రెడీమిక్స్ ప్లాంట్లకు సాఫ్ట్‌వేర్ అమ్మడంలో దశాబ్దాల పేరున్న కమాండ్ ఆల్కన్‌ది కూడా అదే ఊరు. రాయి కొట్టేవాళ్ల పక్కనే వాళ్ల లెక్కలు రాసేవాళ్లు. ఆ సంగతి చదివాక, నేను హైదరాబాద్‌లో ఏసీలో కూర్చుని రాసిన కోడ్ ఇక్కడ ఎందుకు అమ్ముడుపోలేదో కొంచెం అర్థమైంది.

మన దగ్గర ఇసుకకు ఆన్‌లైన్ బుకింగ్ ఉంది కదా అంటారేమో. ఉంది. తెలంగాణ ఖనిజాభివృద్ధి సంస్థ నడిపేది. రేటు అందరికీ తెరమీద కనిపిస్తుంది. కానీ అది రీచ్ దగ్గరి రేటు. ఇంటి ముందు కుప్ప పడేసరికి ఎంతయింది అనేది లారీ ఆయనతో మాట్లాడుకుంటేనే తెలుస్తుంది. చివరికి మనం కట్టేది ఆ రెండోదే.

పన్నెండో చోట సాఫ్ట్‌వేర్ అమ్ముడైంది. ఎలా అంటే, ఆ ఓనర్ కోడలు బీకాం. లెక్కలన్నీ ఆమే చూస్తుంది. నేను డెమో మొదలుపెట్టగానే ఆపేసి, "ఇవన్నీ ఎందుకు గానీ, మేం లాభంల ఉన్నమా లాసుల ఉన్నమా, ట్రిప్పు ట్రిప్పుకు చెప్తదా?" అని అడిగింది. అక్కడే కూర్చుని ఒక లెక్క వేశాం. ఇవి అసలు రేట్లు కావు, మీకు అర్థమవడానికి గుండ్రంగా చెబుతున్నా.

కంకర టన్నుకు 600. టిప్పర్‌లో 16 టన్నులు. అంటే 9,600. నలభై కిలోమీటర్లకు కిరాయి టన్నుకు 320. అంటే 5,120. మొత్తం 14,720. ఇందులో ఓనర్‌కి టన్నుకు 30 మిగులుతుంది అనుకుందాం, ట్రిప్పుకు 480. ఇప్పుడు కాంట్రాక్టర్ "బిల్లు రాంగనే ఇస్త" అని రెండు నెలలు ఆపాడు. ఊళ్లో మిత్తి నూటికి రెండు రూపాయలు. 14,720 మీద రెండు నెలల మిత్తి 589. లాభం 480.

ఆమె క్యాలిక్యులేటర్ మీద రెండుసార్లు కొట్టి చూసింది. మామయ్యను పిలిచింది. ఆయన చూసి చాలాసేపు మాట్లాడలేదు. "గీ కాంట్రాక్టర్‌కు ఆరేండ్ల సంది ఏస్తున్న" అన్నాడు. చెక్ రాసిచ్చారు.

అప్పటి నుంచి డెమో తిరగేశాను. మొదట ఉద్దెర లెక్క, చివర్లో కొటేషన్. ఉద్దెర మిత్తి లాభాన్ని దాటితే ఆ లైన్ ఎర్రగా మారుతుంది. ఆ ఒక్క ఎర్ర లైన్‌తో ఇంకో ఎనిమిది మంది చేరారు. 2025 సెప్టెంబర్ 22న సిమెంట్ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గినప్పుడు, కంకరతో పాటు సిమెంట్ కూడా అమ్మే ఇద్దరికి ముందురోజు రాత్రే రేట్లు మార్చి పెట్టాను. తెల్లారి వాళ్లు కొత్త రేటుతో కొటేషన్లు పంపుతుంటే, నిజం చెప్పాలంటే, కొంచెం గర్వంగానే ఉండింది.

ఇక్కడిదాకా సక్సెస్ స్టోరీ. అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు.

ఒక ఓనర్ ఫీచర్ అడిగాడు. "తమ్మీ, అందరికీ ఒకటే రేటు చెప్పలేం గదా. నాలుగు రకాలు పెట్టు." రోజూ కొనే కాంట్రాక్టర్ ఏ. అప్పుడప్పుడు కొనేవాళ్లు బీ. మేస్త్రీ ద్వారా వచ్చేవాళ్లు సీ, ఎందుకంటే అందులో మేస్త్రీ కమీషన్ కలపాలి. జీవితంలో ఒక్కసారి ఇల్లు కట్టుకునేవాళ్లు డీ. రేటు ఏ నుంచి డీకి ఎక్కుతూ పోతుంది. న్యాయమే అనిపించింది. రోజూ కొనేవాడికి తగ్గించడం కిరాణా షాపులో కూడా ఉంటుంది. మేస్త్రీ ద్వారా వచ్చినవాళ్లు ఇల్లు కట్టుకునేవాళ్లే అయితే రెండూ కలపాలా అని అడిగితే, "కలుపు మరి" అన్నాడు. ఒక్క సాయంత్రంలో రాసేశాను. టెస్టింగ్‌తో కలిపి మూడు గంటలు.

రెండు నెలల తర్వాత చిన్నమ్మ వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపింది. కింద వాయిస్ మెసేజ్. "బిడ్డా, గిది సరైన రేటేనా? జర చూసి చెప్పు."

చిన్నమ్మ ఇల్లు కడుతోంది. చిన్నాయిన పదకొండేళ్లుగా సౌదీలో ఉన్నాడు. మా వైపు సగం ఇళ్ల కథ ఇదే, కొత్తగా చెప్పేది లేదు. డబ్బులు అక్కడి నుంచి వస్తాయి. మేస్త్రీతో, కంకరోళ్లతో, కరెంటాయనతో మాట్లాడేది ఇక్కడి ఆడవాళ్లు. రాత్రి ఐఎంఓలో ఆయనకు గోడలు చూపిస్తుంది. పిల్లర్లు లేచిన రోజు ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిప్పిందట.

పీడీఎఫ్ తెరవగానే ఫాంట్ చూసి గుర్తుపట్టాను. నాది. కింద మూలన చిన్న అక్షరాల్లో కోడ్: సీడీ. మేస్త్రీ ద్వారా, ఒక్కసారి.

ఏ రేటు ఎంతో నాకు తెలుసు. టన్నుకు 70 తేడా. నాలుగు టిప్పర్లు, 64 టన్నులు. 4,480 రూపాయలు. పైగా కంకర మీద 5 శాతం జీఎస్టీని రిజిస్ట్రేషన్ ఉన్న కాంట్రాక్టర్ తన పన్నులో సర్దుకోగలడు. సొంతిల్లు కట్టుకునే మనిషి సర్దుకోలేదు, అది నేరుగా జేబులోంచే పోతుంది. అంటే రేటు ఒకటే ఉన్నా ఆమెకే ఎక్కువ పడేది. నేను దాని మీద ఇంకో 70 వేసే మిషన్ కట్టాను.

ఏం చేయాలి? ఏ రేటు ఇంత అని చిన్నమ్మకు చెబితే, కస్టమర్ లెక్కలు బయటపెట్టినట్టు. ఆ ఓనర్ నన్ను నమ్మి ఖాతాలన్నీ చూపించాడు. ఓనర్‌కు ఫోన్ చేసి "ఆమె మా చిన్నమ్మ" అంటే నిమిషంలో తగ్గిస్తాడు. మరి చిన్నమ్మ పక్కింట్లో కూడా పిల్లర్లు లేస్తున్నాయి. ఆ ఇంటామెకు సాఫ్ట్‌వేర్ రాసే అక్క కొడుకు లేడు.

ఆ రాత్రి చిన్నమ్మకు మూడు ప్రశ్నలు వాయిస్ మెసేజ్‌లో పంపాను. కంకర ఎంత, కిరాయి ఎంత, విడివిడిగా రాసియ్యమను. ఇప్పుడే పైసలిస్తే ఎంతకిస్తవ్ అని అడుగు. లారీ వచ్చినప్పుడు కాంటా చిట్టీ, ఖాళీ బండి తూకం, నిండు బండి తూకం రెండూ చూపియ్యమను. అంతకు మించి ఏం చెప్పలేదు.

తెల్లారి ఆమె మేస్త్రీని వెంటబెట్టుకోకుండా, ఆటో మాట్లాడుకుని క్రషర్ దగ్గరికే పోయింది. సాయంత్రం కొత్త కొటేషన్ వచ్చింది. టన్నుకు 45 తగ్గింది. మేస్త్రీకి కోపమొచ్చింది. స్లాబ్ పనికి రెండు రోజులు రాలేదు, సెంట్రింగ్ చెక్కల కిరాయి ఆ రెండు రోజులకూ పడింది. ఆ కిరాయి పోగా ఎంత మిగిలిందో నేను అడగలేదు. చిన్నమ్మ మాత్రం చిన్నాయినకు ప్రతి పైసా చెప్పిందట. ఆయన అటునుంచి నవ్వాడట.

ఓనర్‌కు తర్వాత ఎలాగో తెలిసింది. "మీ చిన్నమ్మనా? ముందే చెప్తే అయిపోవు గద తమ్మీ, ఏల వేస్తుంటి" అన్నాడు. మంచి మనిషి. నిజంగానే వేసేవాడు.

తర్వాతి అప్‌డేట్‌లో కొటేషన్‌ను మార్చాను. కంకర, కిరాయి, జీఎస్టీ మూడు లైన్లుగా కనపడేలా పెట్టాను. క్యాష్ రేటు, ఉద్దెర రేటు పక్కపక్కనే. కేటగిరీలు తీసేయలేదు. తీసేస్తే వాళ్లు సాఫ్ట్‌వేర్‌నే తీసేస్తారు, మళ్లీ రేటు నోట్లోకి పోతుంది. మా మేనేజర్ "కస్టమర్ అడగనిది ఎందుకు పెట్టావ్?" అన్నాడు. వద్దనుకున్నవాళ్లు ఆపుకోవడానికి సెట్టింగ్స్‌లో ఒక బటన్ ఉంచితేనే ఒప్పుకున్నాడు.

తొమ్మిది మందిలో ఐదుగురు వారంలోనే ఆ బటన్ ఆపేశారు. నలుగురు ఉంచారు. ఆ నలుగురిలో బీకాం కోడలు ఉంది. ఎందుకు ఉంచారని అడిగితే, "విడిగ రాసిస్తే బేరం కిరాయి మీద ఆడుతున్రు, కంకర మీద ఆడ్తలేరు. మాకు మంచిదే" అంది. నేను ఆ కోణంలో ఆలోచించనేలేదు.

మొదటి క్రషర్ ఓనర్ ఇంకా కొనలేదు. మొన్న మళ్లీ పోతే గుర్తుపట్టి చాయ్ చెప్పాడు.

చిన్నమ్మ ఇంటికి స్లాబ్ పడింది. ఇప్పుడు చుట్టుపక్కల ఎవరికి కొటేషన్ వచ్చినా ముందు ఆమెకే ఫార్వర్డ్ చేస్తున్నారు. తనకు అర్థం కానివి నాకు పంపుతుంది. నిన్న రాత్రి కూడా ఒకటి వచ్చింది. ఇటుకలది, చేత్తో రాసిన చిట్టీ ఫొటో. "వెయ్యికి ఎన్ని పగిలినయి వస్తయో అడగమందునా?" అని కింద రాసింది.