బల్ల కింది పెట్టె: మాంత్రికుడి కథ మన పిల్లలు చదవొచ్చా?

 ఈసారి రాత కొంచెం పొడుగైంది, తీరిక చూసుకుని చదవండి.

బరంపురంలో మన సంఘం గ్రంథాలయానికి వచ్చేవాళ్లు బల్ల కింద ఉన్న అట్టపెట్టెను చూసే ఉంటారు. రెండు నెలలుగా దాని మీద పాత దుప్పటి కప్పి ఉంది. బెంగళూరుకి మకాం మార్చేస్తూ ఒక కుటుంబం ఇచ్చి వెళ్లిన పెట్టె అది. అందులో బైండు చేయించిన చందమామలు ఉన్నాయి, హ్యారీ పోటర్ ఏడు భాగాలు ఉన్నాయి, సి.ఎస్. లూయిస్ రాసిన నార్నియా కథలు ఏడూ ఉన్నాయి, టోల్కీన్ లావు పుస్తకం ఒకటి ఉంది. పెట్టె విప్పిన రోజే పన్నెండేళ్ల పిల్ల ఒకతె హ్యారీ పోటర్ మొదటి భాగం పట్టుకెళ్లింది. మర్నాడు పొద్దున్నే వాళ్లమ్మ తెచ్చి ఇచ్చేసింది. "ఇంట్లో మంత్రాల పుస్తకం వద్దండీ, మాకు భయం" అంది. ఆ సాయంత్రమే ఒక పెద్దాయన వచ్చి, "ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం మీరు చదవలేదా?" అని అడిగారు.

గ్రంథాలయం చూసుకునే మేము ముగ్గురం. ముగ్గురం క్రైస్తవులమే. ఇద్దరం బాప్టిస్టులం, ఒకరు కాథలిక్కు. ఆయన చెప్పిన అధ్యాయం ముగ్గురికీ తెలుసు. అయినా గొడవెందుకని పెట్టెను బల్ల కిందికి తోసి దుప్పటి కప్పాం. అది పిరికితనమే. అప్పటినుంచి మాలో మేము మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాం. మన హిందూ సభ్యులకు ఈ గొడవంతా వింతగా ఉండొచ్చు. కానీ సంఘం పుస్తకాలు అందరివీ కాబట్టి మీరూ వినాలి.

ముందు ఆ అధ్యాయం సంగతి. దేవుని ప్రజల మధ్య ఎవరెవరు ఉండకూడదో అక్కడ వరసగా చెప్పారు. మన తెలుగు బైబిలు తయారుచేసినవాళ్లు ఆ వరసకి వాడిన మాటలు చూడండి: సోదెగాడు, చిల్లంగివాడు, మాంత్రికుడు, కర్ణపిశాచిని అడిగేవాడు. ఎక్కడి మాటలివి? మన ఊళ్ల మాటలు. గంజాం నుంచి గోదావరి దాకా చిల్లంగి అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. అందుకే ఆ అధ్యాయం తెలుగులో చదివితే మనకి గుండె ఝల్లుమంటుంది. అలా అనిపించడం మంచిదే. కానీ చిక్కు కూడా అక్కడే వచ్చింది. ఊరి చివర డబ్బు తీసుకుని నిమ్మకాయలు కోసేవాడూ మాంత్రికుడే, పాతాళభైరవిలో ఎస్.వి. రంగారావూ మాంత్రికుడే, టోల్కీన్ కథలో తెల్లగడ్డం గాండాల్ఫూ మాంత్రికుడే. మన చేతిలో ఉన్నది ఒక్క మాట, అది మోయాల్సిన బరువులు మూడు.

గ్రీకులో కూడా ఇలాంటి ముడి ఒకటుంది. మత్తయి 2వ అధ్యాయంలో బాలయేసును చూడటానికి తూర్పు నుంచి వచ్చినవాళ్లకీ, అపొస్తలుల కార్యములు 13లో పౌలుకి అడ్డుపడిన ఎలుమకీ మూలంలో వాడింది ఒకే మాట, మాగోస్. మన బైబిల్లో మొదటివాళ్లు జ్ఞానులయ్యారు, రెండోవాడు గారడీవాడయ్యాడు. అనువాదకులు తప్పు చేశారని కాదు. మాట ఒకటే అయినా మనిషి ఎవరు, ఏం చేస్తున్నాడు అని చూసి తేల్చారు. పుస్తకాల విషయంలో మనం చేయాల్సిందీ అదే.

ఆ అధ్యాయం వద్దన్నది ఒక పనిని. దేవుణ్ణి పక్కనపెట్టి, రాబోయేది తెలుసుకోవడానికో ఇంకొకడిని లొంగదీసుకోవడానికో వేరే శక్తి దగ్గరికి పోవడాన్ని. అది కథ చదవడం కాదు. సౌలు రాజును చూడండి. కర్ణపిశాచి గలవాళ్లను దేశంలోంచి వెళ్లగొట్టినవాడు తనే. యుద్ధభయం పట్టుకునేసరికి మారువేషం వేసుకుని రాత్రిపూట ఏన్దోరులో ఉన్న ఆమె ఇంటికి తనే వెళ్లాడు. సమూయేలు మొదటి గ్రంథం 28లో ఆ కథ అంతా ఉంది, వేషంతో సహా. మంత్రగత్తె ఉన్న కథ చదవడమే పాపమైతే బైబిల్లో ఆ పేజీ దాటేయాలి. సౌలు చేసిన పని మనకి ఎంత దగ్గరో ఒప్పుకుందాం. పిల్లాడికి జ్వరం తగ్గకపోతే ఆదివారం గుడిలో ప్రార్థన చేయించి, మంగళవారం చీకటిపడ్డాక గుణియా దగ్గరికి వెళ్లి తాయెత్తు కట్టించుకొచ్చిన ఇళ్లు మనలో లేవా? ఆ తాయెత్తు చొక్కా లోపల ఉంటుంది కాబట్టి ఎవరూ చూడరు. హ్యారీ పోటర్ అట్ట మీద బొమ్మ ఉంటుంది కాబట్టి అందరూ చూస్తారు.

"మరి ఎఫెసులో పుస్తకాలు కాల్చలేదా?" అని పెద్దాయన అడిగారు. కాల్చారు. కార్యములు 19లో వాటి వెల 50,000 వెండి నాణేలని కూడా ఉంది. అయితే కాల్చినవాళ్లు ఆ విద్య చేస్తూ వచ్చినవాళ్లు. తెచ్చింది తమ సొంత పుస్తకాలు, మంత్రప్రయోగం నేర్పేవి, వాటిమీద బతికినవి. ఎవరూ పక్కింటివాళ్ల పుస్తకం లాక్కొచ్చి మంటలో వేయలేదు. 2001 డిసెంబరులో అమెరికాలోని న్యూ మెక్సికోలో అలమగోర్డో అనే ఊళ్లో ఒక చర్చి ముందు హ్యారీ పోటర్ పుస్తకాలు కాల్చినప్పుడు, కాల్పించిన పాస్టరు గారు తాను వాటిని చదవలేదని చెప్పినట్టు అప్పటి వార్తల్లో వచ్చింది. ఎఫెసువాళ్లకి తాము కాలుస్తున్నదేమిటో క్షుణ్ణంగా తెలుసు. తేడా అదే.

దానియేలు సంగతి మాకు ఇంకా బాగా పనికొచ్చింది. పరాయి రాజ్యంలో, పరాయి భాషలో చదువుకున్న కుర్రాడు. మన పిల్లల్లాగే. కల్దీయుల భాషా, వాళ్ల విద్యా మూడేళ్లు నేర్పించారు. కల్దీయుల విద్య అంటే శకునాలూ నక్షత్రాలూ లేకుండా ఉంటుందా? దానియేలు అది చదివాడు. రాజు పంపిన భోజనం మాత్రం ముట్టనన్నాడు. ఏది చదవాలి, ఏది తినకూడదు అన్న గీత ఆ కుర్రాడికి తెలుసు.

ఇక పుస్తకాల సంగతి. మాలో ఒకరు ఈ రెండు నెలల్లో నార్నియా ఏడూ చదివేశారు (దుప్పటి కింద నుంచి ఒక్కొక్కటే తీసి, అదీ ఒప్పుకుంటున్నాం). ఆ ఏడింటిలో 1955లో వచ్చిన ద మెజీషియన్స్ నెఫ్యూ గురించి కాస్త చెప్పాలి. అందులో మంత్రవిద్య నేర్చిన మేనమామ ఒకడున్నాడు. తన ప్రయోగం ఎలా పనిచేస్తుందో చూడటానికి పక్కింటి పసిపిల్లను తెలియని లోకంలోకి పంపేస్తాడు. తాను మాత్రం వెళ్లడు, భయం. తనలాంటి పండితుడికి మామూలు మనుషుల నియమాలు వర్తించవంటాడు. చదివే పిల్లలకి వాడిమీద గౌరవం పుట్టదు, నవ్వొస్తుంది, ఒళ్లు మండుతుంది కూడా. అదే కథలో డిగొరీ అనే అబ్బాయి తల్లి చావుబతుకుల్లో ఉంటుంది. ఒక తోటలో పండు కోసుకురమ్మని అస్లాన్ అతన్ని పంపుతాడు. అక్కడికి మంత్రగత్తె వచ్చి, ఈ పండు దొంగతనంగా పట్టుకెళ్లి మీ అమ్మకి పెట్టు, బతుకుతుంది, ఎవరికి తెలుస్తుంది అంటుంది. ఆ పిల్లాడు నలిగిపోతాడు. చివరికి పట్టుకెళ్లడు. పండు తెచ్చి అస్లాన్ చేతిలో పెట్టేస్తాడు. తరవాత అస్లాన్ తానే ఒక పండు ఇచ్చి తల్లి దగ్గరికి పంపుతాడు.

ఇది రాసిన లూయిస్ తల్లి 1908లో క్యాన్సరుతో పోయింది. అప్పటికి ఆయనకి తొమ్మిదేళ్లు. తరవాత నాస్తికుడయ్యాడు, 1931లో తిరిగి క్రీస్తును నమ్మాడు. జబ్బుపడ్డ తల్లి, అడ్డదారి చూపించే గొంతు, నలిగిపోయే కొడుకు. తాయెత్తు గురించి మనం విన్న ఏ ప్రసంగమూ మాకు ఇంత లోపలికి దిగలేదు.

టోల్కీన్ గట్టి కాథలిక్కు. ఆయన కథలో ఉంగరం ఎంత శక్తిగలదంటే, దాన్ని మంచికి వాడదామనుకున్నవాడు కూడా చెడిపోతాడు. గాండాల్ఫ్ చేతికి ఇస్తానంటే, తనలోని జాలే తనను లొంగదీస్తుందని భయపడి ముట్టనంటాడు. తన పట్నాన్ని కాపాడుకోవాలన్న మంచి కోరికతోనే బోరొమిర్ దారి తప్పుతాడు. ఉంగరాన్ని నాశనం చేయడానికే ఆ కథంతా నడుస్తుంది. హ్యారీ పోటర్ వీటి అంత లోతని మేము అనం. కొన్ని భాగాలు సాగదీశారు కూడా. కానీ చివరి భాగంలో హ్యారీ తల్లిదండ్రుల సమాధి రాయి మీద ఉన్నది మొదటి కొరింథీ 15:26. దయ్యాల పుస్తకమంటున్నవాళ్లు ఆ పేజీ దాకా వెళ్లి ఉండరు.

అన్నీ మంచివే అని మాత్రం చెప్పడం లేదు. హాస్టళ్లలో పిల్లలు అక్షరాలు రాసి, గ్లాసు బోర్లించి ఆత్మల్ని పిలిచే ఆట ఆడుతున్నారు. అది ఎలా ఆడాలో నేర్పే పుస్తకం వస్తే మన అలమారలో పెట్టం. అది కథ కాదు, పని. 18వ అధ్యాయం సూటిగా దానికే తగులుతుంది. చిన్నపిల్లలు నిద్రలో ఉలిక్కిపడే కథలు పదేళ్లలోపు వాళ్లకి ఇవ్వం. దానికి బైబిలు అక్కర్లేదు, ఇంగితం చాలు.

చందమామల మాట కూడా తేల్చుకోవాలి. మంత్రాలున్న కథ కూడదంటే ముందు పోవాల్సింది అవే. 1947లో మద్రాసులో మొదలైన ఆ పత్రికలో బేతాళుడి కథలు ఎన్ని చదవలేదు మనం? దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లలో మాంత్రికులు లేకుండా కథ కదిలేదా? ఈ ఊళ్లో బడి ఎక్కువగా ఒడియాలోనో ఇంగ్లీషులోనో. ఒడియా పిల్లలు జహ్నమామూ చదువుతుంటే మనం చందమామ చదివాం. మాలో ఇద్దరికి తెలుగు అక్షరాలు వచ్చింది ఆదివారపు బడి బైబిలు వల్ల, తెలుగు చదవడం ఇష్టమైంది మాత్రం చందమామ వల్ల. బేతాళ కథలు చదివి మాలో ఎవరూ చెట్టెక్కి శవం దింపలేదు. పుస్తకం వెనక్కి ఇచ్చేసిన ఆ పిల్ల తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. ఆ పెట్టె మూసి ఉంటే ఆమెకి మేము ఇవ్వగలిగిన తెలుగు పుస్తకం ఇంకేముంది?

వీటన్నిటికంటే మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసినది మన చెల్లెమ్మ ఒకామె చెప్పిన మాట. వాళ్ల నాయనమ్మ మీద పల్లెలో చిల్లంగి ముద్ర వేశారట. ఎవరింట్లో పశువు చచ్చినా ఆమె పేరే. చివరికి రాత్రికి రాత్రి ఊరు వదిలి వచ్చేశారు. "మీకు అది కథండీ, నాకు మంత్రగత్తె అన్న మాట వింటేనే చెయ్యి వణుకుతుంది" అంది. మేము ఏమీ అనలేకపోయాం. మనిషిని మంత్రగత్తె అని ముద్ర వేసి హింసించడం నేరమని ఒడిశా 2013లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. చేతబడి పేరున జరిగే అఘాయిత్యాల మీద మహారాష్ట్ర కూడా అదే ఏడాది చట్టం తెచ్చింది, తరవాత కర్ణాటక తెచ్చింది. చిల్లంగి భయం మనుషుల్ని చంపే చోట మనం బతుకుతున్నాం. ఆ భయాన్ని పెంచుతున్నది ఇంగ్లీషు నవలలు మాత్రం కాదు. కానీ ఆమె వణుకు నిజం. విగ్రహాలకి పెట్టిన మాంసం గురించి పౌలు కొరింథీయులకి రాసినప్పుడు, తినడం తప్పుకాదని తెలిసినవాళ్లనే ఎదుటివాళ్ల మనస్సాక్షి కోసం ఆగమన్నాడు. తెలిసినవాళ్లు తెలియనివాళ్లని వెక్కిరించమనలేదు.

అందుకని ఇలా అనుకున్నాం. వచ్చే ఆదివారం సాయంత్రం 5 గంటలకి పెట్టె విప్పుతాం. ఆ పుస్తకాలు స్త్రీల ప్రార్థన జరిగే హాల్లో కాకుండా వెనకగదిలో అలమారలో పెడతాం. పదిహేనేళ్లలోపు పిల్లలకి తల్లో తండ్రో సంతకం చేస్తేనే ఇస్తాం. వద్దన్న తల్లితో వాదించం, కావాలన్న తల్లిని ప్రశ్నించం. పెద్దాయన్ని కూడా పిలిచాం. ముందు మెజీషియన్స్ నెఫ్యూ చదివి రమ్మన్నాం. ఆయన కళ్లజోడు మార్చుకోవాలి, వారం ఆగమన్నారు. చెల్లెమ్మకి ఈ రాత ముందే చదివి వినిపించాం. తన సంగతి రాయొచ్చంది. ఆ అలమారవైపు తాను రానంది. మా అబ్బాయి వస్తే మాత్రం ఇవ్వండి అంది.

పోతే, చందమామల్లో మూడు బైండ్లకి వెండిపురుగు పట్టింది. కుట్లు కూడా వదిలేశాయి. పాత పుస్తకాలు పాడుచేయకుండా బైండు చేసేవాళ్లు మన ఊళ్లో ఎవరైనా తెలిస్తే చెప్పండి.