డ్రిల్లు మాస్టారంటే అంత చులకనా?

పెళ్ళి సంబంధం వస్తే అబ్బాయి ఏం చేస్తున్నాడని అడుగుతాం. ఇంజనీరంటే మన మొహం చాటంత అవుతుంది. లెక్కల మాస్టారంటే, పోనీలే, ట్యూషన్లు చెప్పుకుంటాడని సర్దుకుంటాం. అదే డ్రిల్లు మాస్టారంటే? "ఈల ఊదేది కూడా ఒక ఉద్యోగమేనా!" అని మూతి ముడుస్తాం. కర్నూలు పక్కన మా కల్లూరులోనైనా అంతే, ఇంకెక్కడైనా అంతే. ఆడేవాడికి దండ. ఆడించేవాడికి ఒక దండం కూడా లేదు.

అలాంటి డ్రిల్లు మాస్టారు ఒకాయన కథ చెప్తాను, వినండి.

సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదువుతూ ఫుట్‌బాల్ ఆడారు. బి.ఏ. ప్యాసై కాచిగూడ మిడిల్ స్కూల్లో, ఆ తర్వాత వేరే బళ్ళలో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పిల్లల ఆటపాటలు చూసుకున్నారు. అంటే మన లెక్కలో ఆయన ఈల ఊదే మనిషే గదా!

ఆ మనిషి 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టును చేతిలోకి తీసుకున్నారు. ఆ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెల్చుకొచ్చింది. ఆయన నేర్పిన భారత జట్టు 1951లో ఢిల్లీ ఏషియన్ క్రీడల్లో బంగారు పతకం కొట్టింది. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది వట్టి కాళ్ళతో ఆడి, యుగోస్లావియా చేతిలో పదికి ఒకటిగా ఓడారు. ఓడినందుకు ఆ మాస్టారు మూల కూర్చోలేదు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1956లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించి, జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. అప్పటికి కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయి సరిగ్గా నెల. రాజధాని పోయిందన్న దిగులు మనకు ఇప్పటికీ గుర్తుంది. ఆ నెలలో గెలిచిన మాస్టారు మాత్రం గుర్తులేడు.

1962లో జకార్తా. మాస్టారికి కాన్సరు. అయినా జట్టును వదల్లేదు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్ళీ బంగారం తెచ్చారు. మరుసటి ఏడు జూన్‌లో కన్నుమూశారు. గురువులకిచ్చే ద్రోణాచార్య అవార్డు పుట్టిందే 1985లో! చివరికి 2024లో హిందీ హీరో అజయ్ దేవగణ్ 'మైదాన్' సినిమాలో ఆయన వేషం కడితే గానీ, "అట్లాంటాయన మన హైదరాబాదులో ఉండేవాడా?" అని మనం నోరు తెరవలేదు.

"అదంతా సరే, ఆట కూడు పెడ్తాదా అక్కా?" అంటారు మా వీధిలో. పెట్టకపోవచ్చు. ఎక్కం అప్పజెప్పిన ప్రతి పిల్లకాయా ఇంజనీరు అవుతున్నాడా ఏం? అందుకని ఎక్కాలు మానిపిస్తామా? రహీం గారు పిల్లల చేత వాటం లేని కాలితోనే ఆడించే పోటీలు పెట్టేవారట. చేతగాని కాలికి చేవ నేర్పడం! చదువంటే అంతకంటే ఏముందో చెప్పండి.

గొప్ప ఆటగాడే గొప్ప గురువు అవుతాడన్నదీ భ్రమే. ఇటలీలో అరిగో సాక్కీ అని ఒకాయన. ఆటగాడిగా ఊరూ పేరూ లేదు. చెప్పులు అమ్మే పని చేశాడు. చిన్నచిన్న ఊళ్ళ జట్లకు, కింది తరగతి జట్లకు నేర్పుతూ ఏళ్ళు గడిపి, ఆఖరికి మిలాన్ జట్టు చేతికొచ్చాక 1989లో, 1990లో యూరప్ కప్పు గెలిపించాడు. ఆ కింది మెట్టు మీద ఆయనను నిలబడనిచ్చారు గనకనే పై మెట్టు ఎక్కాడు. మన దగ్గర కింది మెట్టు మీదున్నవాణ్ణి చూసి నవ్వుతాం.

నవ్వేది సర్కారొక్కటేనా? పరీక్షలొచ్చాయని డ్రిల్లు పీరియడ్ లాక్కుని లెక్కలకు ఇస్తే, "మంచి పని చేశారు సార్" అని మెచ్చుకునేది మనమే. ఆడపిల్లకు పన్నెండో పదమూడో ఏడు రాగానే, "ఎండకు నల్లబడతావు, దెబ్బ తగిలితే రేపు సంబంధాలెట్లా?" అని మైదానం గేటు మూసేదీ మనమే. పక్కనే అనంతపురంలో ఆర్డీటీ వాళ్ళు పల్లెల ఆడపిల్లలకు ఆటలు నేర్పించారు. వాళ్ళమ్మలకు లేని భయం మనకెందుకు? వాళ్ళకంటే రెండు అక్షరాలు ఎక్కువ చదివినందుకా?

కాబట్టి తల్లులారా, ఈసారి బడి మీటింగుకు వెళ్ళినప్పుడు మార్కుల కాగితంతో పాటు ఇంకో రెండు సంగతులు అడగండి. వారానికి ఎన్ని డ్రిల్లు పీరియడ్లు? వాటిలో ఆడపిల్లల చేతికి బంతి ఎన్నిసార్లు ఇచ్చారు? బదులు చెప్పకుండా నీళ్ళు నమిలితే, వదలకండి. ఆ మూల చెట్టు కింద ఈల మెళ్ళో వేసుకుని నిలబడ్డ మాస్టారు కనిపిస్తే, లెక్కల మాస్టారికి పెట్టినట్టే ఆయనకూ ఒక నమస్కారం పెట్టండి. మన పిల్లల వాటం లేని కాలి సంగతి తెలిసింది ఆ ఒక్క మనిషికే.