దారికి జీవో చాలదు

2024 అక్టోబరు మూడో వారంలో నాందేడ్ జిల్లా కిన్వట్ అడవుల నుంచి ఒక మగ పులి బయల్దేరింది. వయసు ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య. దానికి జానీ అని పేరు పెట్టారు. బోథ్ మీదుగా ఆదిలాబాద్ జిల్లాలోకి వచ్చి, నిర్మల్ జిల్లాలో కుంటాల, సారంగాపూర్, మామడ, పెంబి మండలాలు తిరిగి, 44వ నంబరు జాతీయ రహదారిని దాటి ఉట్నూరు వైపు సాగింది. నెల రోజుల్లో దాదాపు 300 కిలోమీటర్లు నడిచింది. దారిలో ఐదు పశువులను చంపింది. జోడు కోసం తిరుగుతోందని అటవీ అధికారులు చెప్పగానే పత్రికలకు అదొక ప్రేమకథ అయిపోయింది. ఆడపులి జాడను మగపులి వంద కిలోమీటర్ల నుంచి పసిగడుతుందని ఒక అధికారి అన్న మాట మీద ఫోన్లలో జోకులు తిరిగాయి.

ఆ జోకులు వేసుకున్నవాళ్ళలో ఆ నెలలో పత్తి ఏరడానికి చేనుకు వెళ్ళాల్సినవాళ్ళు ఎవరూ ఉండి ఉండరు.

జానీని అందరూ 'మహారాష్ట్ర పులి' అన్నారు. కానీ 1956 నవంబరు 1 దాకా కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోదే. బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిలు కూడా అప్పుడే అటు వెళ్ళింది. బదులుగా నాందేడ్ జిల్లాలోని ముధోల్, భైంసా ఇటు వచ్చాయి. నేటికీ ఆదిలాబాద్ రైల్వే స్టేషన్ నాందేడ్ డివిజన్ కిందే ఉంది. ధర్మాబాద్, బిలోలీ, దెగ్లూర్ బజార్లలో తెలుగు, మరాఠీ రెండూ నడుస్తాయి. పులికి సరిహద్దులు తెలియవని ప్రతి సెమినార్‌లోనూ అంటారు. ఆ మాటకొస్తే ఈ ప్రాంతంలో మనుషులు కూడా వాటిని పెద్దగా పట్టించుకోలేదు. పట్టుకుని కూర్చున్నవి ఫైళ్ళే. జానీ కిన్వట్‌లో ఉన్నన్నాళ్ళూ ఒక ప్రభుత్వం లెక్క, బోథ్‌లో అడుగుపెట్టిన రాత్రి నుంచి మరో ప్రభుత్వం లెక్క.

అసలు పులులు అటు నుంచి ఇటు ఎందుకొస్తున్నాయి? 2022 గణన ప్రకారం మహారాష్ట్రలో 444 పులులు, తెలంగాణలో 21. పెన్‌గంగకు అవతల యవత్మాల్ జిల్లాలోని టిపేశ్వర్ అభయారణ్యం 148 చదరపు కిలోమీటర్లే. అక్కడ పుట్టి ఈడుకొచ్చిన మగపులికి తల్లి దగ్గర చోటుండదు, తండ్రి ఊరుకోడు. కనుక బయటపడాలి. 2019 ఫిబ్రవరిలో అలాంటి ఒక కుర్ర పులికి టిపేశ్వర్‌లో రేడియో కాలర్ కట్టారు. అది పెన్‌గంగ అభయారణ్యం, ఆదిలాబాద్, నాందేడ్, హింగోలి, వాశిం మీదుగా బుల్ధానా జిల్లా జ్ఞానగంగ దాకా వెళ్ళింది. తొమ్మిది నెలల్లో మూడు వేల కిలోమీటర్లకు పైగా తిరిగింది. మెడలో కాలర్ ఉంది కాబట్టి దాని దారి మనకు తెలిసింది. లేనివి ఎన్ని ఎటు వెళ్తున్నాయో పశువులు కాసేవాళ్ళకే తెలియాలి.

మరి ఈ దారి గురించి చట్టం ఏమంటోంది? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట చోట్ల గురించే ఆలోచించింది. అభయారణ్యం ఇది, జాతీయ వనం ఇది అని హద్దు గీసి, లోపల ఏం చేయకూడదో రాసింది. రెండు అడవుల మధ్య నేల సంగతి తర్వాతి సవరణల్లో వచ్చింది. 2006లో చేర్చిన 38-ఓ సెక్షన్ ప్రకారం, పులుల అభయారణ్యాలను కలిపే ప్రాంతాలను పర్యావరణానికి చేటు చేసే పనులకు మళ్ళించకుండా చూడాల్సిన బాధ్యత జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థది. ప్రజాప్రయోజనం కోసం తప్పదంటే జాతీయ వన్యప్రాణి మండలి ఆమోదం ఉండాలి.

ఈ సెక్షన్ బలం చూడాలంటే జానీ దాటిన రోడ్డు మీదే ఉత్తరానికి వెళ్ళాలి. నాగపూర్ దాటాక పెంచ్ అడవుల గుండా ఈ 44వ రహదారిని వెడల్పు చేయబోతే కేసులు పడ్డాయి, ఏళ్ళ తరబడి వాదనలు నడిచాయి. చివరికి మహారాష్ట్ర వైపు రోడ్డు కింద జంతువుల కోసం తొమ్మిది దారులు కట్టారు. 2019లో అక్కడ పెట్టిన కెమెరాల్లో పులులు సహా 18 రకాల జంతువులు ఆ దారుల్లో నడుస్తూ కనిపించాయి. లాయర్లు, శాస్త్రవేత్తలు, రోడ్ల ఇంజినీర్లు ఒకరినొకరు తిట్టుకుంటూనే చేసిన పని అది. నిర్మల్ దగ్గర పులి దాటుతోందని తెలిసిపోయింది కాబట్టి, అక్కడ ఎక్కడెక్కడ అలాంటి దారి కావాలో కొలిచి చూడమని అడగడం అత్యాశేమీ కాదు.

అయితే 38-ఓ పని చేయాలంటే ఎవరో ఒకరు రోడ్డో గనో కాలువో అడగాలి. అడిగినప్పుడు ఆపుతుంది, లేదా షరతు పెడుతుంది. మిగతా రోజుల్లో ఆ నేల మీద పత్తి ఉంటుంది, కంది ఉంటుంది, పొలం గట్టున అడవిపందుల కోసం కట్టిన కరెంటు తీగ ఉంటుంది. 2024 జనవరిలో ఆసిఫాబాద్ జిల్లా కాగజ్‌నగర్ అడవుల్లో రెండు పులులు చనిపోతే, పశువు కళేబరంలో విషం కలిపారన్న అనుమానం మీద అరెస్టులు జరిగాయి. 2025 మేలో పెంచికల్‌పేట వైపు ఒక ఆడపులి కరెంటు తీగకు బలైంది. పులిని చంపితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు. ఆ సంగతి ఆ ఊళ్ళలో తెలియనివాళ్ళు లేరు.

తెలిసీ విషం ఎందుకు పెడతారంటే, పశువు పోయిన పొద్దున ఏం జరుగుతుందో చూడాలి. ఆవు మెడ మీద రెండు గాట్లు, వెనకతట్టు నుంచి తిన్న గుర్తు. రైతు బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేస్తాడు. కళేబరాన్ని కదిలించకూడదు, కదిలిస్తే పులి రాత్రికి వచ్చి ఏమీ దొరక్క మరో పశువును పట్టుకుంటుంది. అడుగుజాడలకు ఫోటోలు తీయాలి. పశువైద్యుడు రావాలి, పంచనామా రాయాలి, చెట్టుకు కెమెరా కట్టాలి. అంతవరకు ఆ ఆవు అక్కడే ఉంటుంది, రైతు పక్కనే కూర్చుంటాడు. డాక్టర్ ఆ రోజు రాకపోతే రెండో రోజు ఆనవాళ్ళు చెరిగిపోతాయి. చంపింది పులా, చిరుతా, ఊరకుక్కలా అన్న ప్రశ్న లేస్తుంది. దుక్కి ఎద్దు పోయినవాడికి కాగితం కదిలేలోపు విత్తనం అదును దాటిపోతుంది. ఊరివాళ్ళకు ఈ దారి మీద చట్టం ముఖం మొదట కనిపించేది అక్కడే, ఆ కళేబరం పక్కన. సెక్షన్ 38-ఓ ఎంత గట్టిదైనా ఆ పూట దాని బదులు పనిచేసేది పంచనామా కాగితమే.

మనిషి ప్రాణం పోతే సంగతి మరీ ఘోరం. 2024 నవంబరు 29న కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరుతున్న 21 ఏళ్ళ అమ్మాయిని పులి చంపింది. మర్నాడే అక్కడికి దగ్గర్లో ఒక రైతు మీద పడింది. ఆ తర్వాత అటవీశాఖ తల వెనక పెట్టుకునే మాస్కులు పంచింది. వంగి పత్తి ఏరే మనిషి వెనక నుంచి నాలుగు కాళ్ళ జంతువులా కనిపిస్తాడు, మాస్కు ముఖం ఉంటే పులి జంకుతుందన్నది దాని వెనక లెక్క. సుందర్‌బన్స్‌లో వాడిన ఉపాయం. మంచిదే. కానీ పెన్‌గంగకు అటు పులి చేతిలో మనిషి పోతే 25 లక్షల రూపాయలు, ఇటు పోతే 10 లక్షలు. పులి ఒకటే, పంట ఒకటే, ఏరే కూలి ఇంచుమించు ఒకటే. ఈ తేడాకు కారణం అడిగితే ఏ ఆఫీసులోనూ జవాబు ఉండదు.

ఇక్కడే తెలంగాణ ప్రభుత్వం 2025 మే 30న ఇచ్చిన జీవో 49 గురించి చెప్పాలి. ఆసిఫాబాద్ జిల్లాలో 1,492 చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని కుమ్రం భీమ్ కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటించింది. మహారాష్ట్రలోని తడోబా పులుల అభయారణ్యాన్ని తెలంగాణలోని కవ్వాల్‌తో కలిపే దారిని కాపాడడం ఉద్దేశం. ఉద్దేశం సరైనదే. చట్టంలో అందుకు తగిన సెక్షన్ కూడా ఉంది, 2002 సవరణలో వచ్చిన 36-ఏ. ప్రభుత్వ భూమిని, ముఖ్యంగా ఒక రక్షిత ప్రాంతాన్ని మరోదానితో కలిపే భూమిని, కన్జర్వేషన్ రిజర్వ్ చేయవచ్చు. స్థానిక ప్రజలతో సంప్రదించిన తర్వాత అన్నది అందులోనే ఉన్న షరతు. ఆ వెంటనే 36-బి కింద నిర్వహణ కమిటీ, అందులో ప్రతి గ్రామ పంచాయతీ నుంచి ఒక ప్రతినిధి.

మమ్మల్ని ఎవరూ అడగలేదన్నాయి ఆదివాసీ సంఘాలు. బంద్ జరిగింది. జులై 21న ప్రభుత్వం జీవోను పక్కన పెట్టింది.

నా దృష్టిలో ఇందులో ఎవరూ గెలవలేదు. కన్జర్వేషన్ రిజర్వ్ అంటే ఊళ్ళు ఖాళీ చేయించే ఏర్పాటు కాదు. అభయారణ్యంలో ఉన్నట్టు లోపలికి రావద్దనే నిషేధం 36-ఏ కింద వర్తించదు. అడవిలో నిప్పు పెట్టడం, విషం, పేలుడు పదార్థాలు వాడడం లాంటివాటి మీదే ఆంక్షలు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టాలు అలాగే ఉంటాయి. ఈ మాట గోండి, కొలామి, మరాఠీ, తెలుగు భాషల్లో ఊరూరా చెప్పి ఉంటే సగం భయం పోయేది. చెప్పకపోతే ఏమవుతుంది? కవ్వాల్ కోర్ నుంచి రాంపూర్, మైసంపేట ఊళ్ళను తరలించడం కళ్ళారా చూసినవాళ్ళు రిజర్వ్ అన్న మాట వినగానే తట్టాబుట్టా సర్దుకోమన్నట్టే అర్థం చేసుకుంటారు. వాళ్ళను తప్పుపట్టడానికి వీల్లేదు. మొదట జీవో, తర్వాత సంప్రదింపు అన్న వరస చట్టంలో లేదు.

ముందు అడిగి తర్వాత ప్రకటించడం జరగని పనేం కాదు. దేశంలో మొదటి కన్జర్వేషన్ రిజర్వ్ 2005లో తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లా తిరుప్పుడైమరుదూర్‌లో వచ్చింది. మూడు హెక్టార్లు కూడా లేదు. గుడి దగ్గరి చెట్ల మీద వాలే కొంగల్ని కాపాడుకోవాలని ఊరివాళ్ళే అడిగారు. మూడు హెక్టార్లకు, 1,492 చదరపు కిలోమీటర్లకు పోలికేమిటని అధికారులు అనవచ్చు. నిజమే. అందుకే ఒక్క జీవోతో జిల్లా అంతా చుట్టేయకుండా, పులి నిజంగా నడుస్తున్న గుట్టల్ని, వాగుల్ని ముక్కలు ముక్కలుగా తీసుకుని, ఆ ముక్కకు చెందిన గ్రామసభలతో తేల్చుకోవడం మేలు. మహారాష్ట్ర 2008లో నాసిక్ దగ్గర బోర్‌గఢ్‌తో మొదలుపెట్టి ఇలాంటి చిన్న చిన్న రిజర్వులు చాలానే చేసింది. కిన్వట్ అడవులకు ఆ ఆలోచన చేయాల్సింది ఇప్పుడు నాందేడ్ యంత్రాంగం.

రెండు ప్రభుత్వాలకూ నా విన్నపం ఇది. కిన్వట్‌లో పోయిన ఆవుకు, బోథ్‌లో పోయిన ఆవుకు ఒకే ధర, ఒకే గడువు పెట్టండి. మనిషి ప్రాణానికి రెండు రేట్లు ఎత్తేయండి. పులి సరిహద్దు దాటిన సంగతి అవతలి బీట్ ఆఫీసర్‌కు ఆ రాత్రే తెలిసే ఏర్పాటు చేయండి. జీవో 49ను మళ్ళీ తెరిచేటప్పుడు మొదటి సమావేశం సచివాలయంలో పెట్టకుండా పెంచికల్‌పేటలో పెట్టండి, పత్తి ఏరడం మొదలవకముందే.