స్త్రీల నోట రహస్యము నిలువదా?



కర్ణుడు తన యన్న యని కుంతి యుద్ధానంతరమున తెలుపగా, ధర్మరాజు శోకించి, స్త్రీల మనమున రహస్యము నిలువకుండుగాక యని శపించినట్లు భారతమున శాంతిపర్వమునందు కలదు. ఆడువారి నోట నువ్వుగింజ నానదను సామెత నేటికిని వినుచున్నాము. అన్నేండ్లు రహస్యమును దాచినదియు కుంతియే యని మాత్ర మెవ్వరును తలపరు.

మా బేగంపేట చెంతనున్న అమీరుపేటకు కంప్యూటరు విద్య నేర్చుటకై యూరూరి బాలికలు వచ్చుచుందురు. ఆ యంత్రముల పూర్వచరిత్రలో ఈ సామెతను అబద్ధము చేసిన కథ యొకటి కలదు.

రెండవ ప్రపంచయుద్ధమున జర్మను సేనాధిపతులు తమ యాజ్ఞలను లొరెంజ్ యంత్రముచే గూఢలిపిగ మార్చి వైర్లెస్సున పంపుచుండిరి. అందలి 12 చక్రములు ఏ స్థానమునుండి తిరుగ నారంభించినవో కనుగొన్నగాని వార్త విడదు. చేతి లెక్కకు కాలము చాలదు. ఇంగ్లండునందు తపాలాశాఖ ఇంజనీరగు టామీ ఫ్లవర్స్ సుమారు 1,600 వాల్వులతో కొలోసస్ అను యంత్రమును నిర్మించెను. అన్ని వాల్వులు నిలువవని కొందరు శంకించిరి. ఆర్పి వెలిగించుటచేతనే యవి చెడును, అఖండదీపమువలె వెలుగనిచ్చిన నిలుచునని ఆయన యెరుగును. 1944 ఫిబ్రవరిలో బ్లెచ్లీ పార్కున నది పని కారంభించి, కాగితపు పట్టీనుండి సెకనుకు 5,000 అక్షరములు చదివెను. యుద్ధాంతమునకు అట్టివి 10 ఏర్పడెను.

వానిని రేయింబవళ్లు వంతులవారీగ నడిపినవారు నౌకాదళ స్త్రీశాఖ యువతులు. తుదకు వారు 270 మందికి మించిరి. యుద్ధము ముగియగనే యంత్రములలో పెక్కింటిని విరుగగొట్టించి, నోరు మెదపరాదని యాజ్ఞాపించిరి. 1970 తరువాత ప్రభుత్వమే కొంత వెల్లడించువరకు, సుమారు 30 ఏండ్లు, వారిలో పెక్కుమంది కట్టుకొన్న భర్తకైనను చెప్పలేదు. కొందరి తల్లిదండ్రులు బిడ్డ చేసిన ఘనకార్య మెరుగకయే కన్నుమూసిరి. ఈలోపల 1946లో అమెరికావారు ప్రకటించిన ఎనియాక్ యంత్రమే మొదటిదని పుస్తకములు వ్రాసెను.

మౌనము ధర్మమైన చోట వారు మౌనము పాటించిరి. మన బిడ్డల కట్టి యాజ్ఞ లేదు. ఐనను ఇంటను, కచేరీలోను తాము చేసిన పనిని తమదని చెప్పుకొనుటకు వారు జంకుచున్నారు. అది గొప్పలు చెప్పుకొనుట కాదు. చేసిన పనికి తన పేరు వ్రాసికొను అలవాటును తల్లులమగు మనమే వారికి నేర్పవలెను.